కిందపడితే ముట్టకూడదు

తుపాకీ పోటీ అంటే గురి బాగా కుదిరినవాళ్ళు గెలుస్తారు, అంతే కదా అనుకునేవాణ్ణి. కువైట్‌లో మా మేడమ్ మునీరా ఆ ఆటలో చేరిన కొత్తలో ఆమెను క్లబ్బు దగ్గర దించి, నీడ వెతుక్కుని, సీటు వెనక్కి వాల్చి పడుకునేవాణ్ణి. డ్రైవర్‌కి అంతకంటే ఏం పని? కానీ ఒక శుక్రవారం బండిలో ఏసీ పాడైంది. షువైఖ్ గ్యారేజీకి తీసుకెళ్ళే తీరిక లేదు. లోపల కూర్చోలేక, తాడు కట్టిన చోటు దాకా పోయి నిలబడ్డాను.

అక్కడ కనబడిన దృశ్యానికి నోరెళ్ళబెట్టాను. ఇసుకలో నిలబెట్టిన చెక్కగోడల మధ్య బాగా వయసొచ్చిన పెద్దమనుషులు ఉత్త చేతులు చాచి, చూపుడువేళ్ళతో అట్టబొమ్మలకు గురిపెడుతూ, ఏదో గొణుక్కుంటూ అటూ ఇటూ నడుస్తున్నారు. అందులో మా మేడమ్ కూడా ఉంది. ఒకరినొకరు గుద్దుకోబోయి తప్పుకుంటున్నారే గాని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మా రాయచోటిలో ఎవరైనా ఇలా చేస్తే ఇంటివాళ్ళు దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టిస్తారు.

నాకు నవ్వు ఆగలేదు. పక్క నుంచి ఎవరో తెలుగులో అందుకున్నారు.

"నవ్వకు భాయ్, పిచ్చి గాదది. ఎవల దారి వాళ్ళు సూసుకుంటున్నరు."

అలా పరిచయమయ్యాడు దేవేందర్. జగిత్యాల దగ్గరి మనిషి. గుండ్లు తగిలి బొక్కలు పడ్డ అట్టలకు స్టిక్కర్లు అంటించడం, కూలిన ఇనుప పలకల్ని మళ్ళీ నిలబెట్టడం ఆ క్లబ్బులో అతని పని.

"దారి అంటే ఏంది?" అన్నాను.

"ఏ అట్టను ముందుగాల గొట్టాలె, ఏ గోడ సాటుకెళ్ళి గొట్టాలె, ఉరుక్కుంట యాడ గుండ్లు మార్సాలె, ఎవలూ జెప్పరు. ఎవలకు వాళ్ళే సోంచాయించుకోవాలె. టైమర్ బీప్‌మని మోగినంక ఇగ సోంచాయించేటందుకు టైం ఉండది."

ఆ రోజు నుంచి నా బుర్రలో పురుగు దూరింది. నేను అసలే ప్రశ్నల మనిషిని. ఎదుటివాడు విసుక్కునేదాకా అడుగుతాను, విసుక్కున్నాక కూడా అడుగుతాను. దేవేందర్‌కి విసుగు లేదు. ఎడారి ఎండలో పొద్దంతా అట్టలతో ఉండే మనిషికి మాట్లాడే మనిషి దొరకడమే ఎక్కువ.

ప్రాక్టికల్ షూటింగ్ అంటారట ఈ ఆటను. అట్ట నడుమ తగిలితే అయిదు పాయింట్లు, దాని చుట్టూ తగిలితే మూడు, అంచుల్లో తగిలితే ఒకటి. అసలు తగలకపోతే పది కోస్తారు. మధ్యమధ్య తెల్ల అట్టలు పెడతారు, వాటిని కొట్టకూడదు. కొడితే మళ్ళీ పది పోతాయి. చివరికి వచ్చిన పాయింట్లను, పట్టిన సెకన్లతో భాగిస్తారు. అలా తేలిన అంకె ఎవరిది పెద్దదైతే వాళ్ళది పైచేయి.

"అట్లయితే నిదానంగా, అన్నీ నడిమధ్యలో తగిలేటట్ల కొట్టుకుంటా పోతే?" అని అడిగాను.

"నువ్వు గట్ల గురి సూస్తుండంగ పక్కోడు ఇంటికి వొయి చాయ్ తాగుతడు. టైం మింగేస్తది నిన్ను."

"మరి బిరబిరా కొట్టేస్తే?"

"గురి తప్పుతది. ఉన్న పాయింట్లు గుడ గుంజుకుంటరు."

ఇదెక్కడి ఆట అని తల గోక్కున్నాను. ఫహాహీల్ రోడ్డు మీద బండి తోలుతుంటే అప్పుడు అర్థమైంది. ఆలస్యంగా పోతే మేడమ్ తిడుతుంది, దూకుడుగా పోతే కెమెరా పట్టుకుంటుంది. నేను రోజూ ఆడుతున్న ఆటే ఇది.

అయితే నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఈ లెక్క కాదు. గురి ఎన్నిసార్లు తప్పినా ఊరుకుంటారు, పాయింట్లు కోస్తారు అంతే. కానీ కొన్ని తప్పులు ఒక్కసారి చేసినా ఆ రోజుకి ఇంటికి పంపించేస్తారు. తుపాకీ మూతి ఎప్పుడూ ఎదురుగా ఉన్న మట్టికట్ట వైపే ఉండాలి, పక్కకి హద్దు దాటి తిరిగితే ఖలాస్. పరిగెత్తేటప్పుడు, గుండ్లు మార్చేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీద కనబడితే ఖలాస్. పోటీ నడిపించే ఆఫీసర్ చెప్పకుండా, దానికని కేటాయించిన బల్ల దగ్గర కాకుండా, ఇంకెక్కడ తుపాకీ బయటికి తీసినా ఖలాస్. షేఖ్ అయినా సిపాయి అయినా ఒకటే మాట.

ఈ సంగతులన్నీ ఇంటికొచ్చి వంటగదిలో రెడ్డెమ్మక్కకు చెప్పేవాణ్ణి.

రెడ్డెమ్మక్క మా ఇంటి వంటమనిషి. లక్కిరెడ్డిపల్లె వైపు ఆమె ఊరు. పోటీలప్పుడు గహ్వా కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాలు, మడతకుర్చీ మోసుకుంటూ మేడమ్ వెంట ఆమె కూడా రావాలి. తుపాకుల చప్పుడంటే ఆమెకు ఒళ్ళు మంట. ఆట గురించి నేను ఎంత చెప్పినా ఊ కొట్టకుండా ఉల్లిపాయలు కోసుకునేది. ఒక రోజు మాత్రం కత్తి ఆపి అడిగింది.

"అబ్బీ, గెలిచేది సరే. మామా ఓడిపోయేకి దావలెన్ని ఉండాయో అయ్యి జెప్పు నాకు."

మామా అంటే ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని పిలిచే పిలుపు. ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఊళ్ళో ఆమె కూతురికి తొలికాన్పు దగ్గర పడింది. ఆ పిల్లకు తల్లి తప్ప వేరే ఆడదిక్కు లేదు. సెలవడిగితే మేడమ్ "ఇన్షా అల్లా", దేవుడు తలిస్తే చూద్దాం, అంది. ఆ మాటకు కువైట్‌లో ఎన్ని అర్థాలున్నాయో ఇక్కడ పనిచేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రెడ్డెమ్మక్కకు మిగిలిన ఆశ ఒక్కటే. క్లబ్బు పోటీలో నెగ్గి ఆడవాళ్ళ జట్టుకి ఎంపికైతే, మేడమ్ పెద్ద పోటీకి కుటుంబంతో సహా తాయ్‌లాండ్ పోతుంది. ఇల్లు మూసేస్తారు, ఈమె ఊరికి పోవచ్చు. ఎంపిక కాకపోతే చలికాలమంతా ఎడారిలో గుడారాలు వేస్తారు, వచ్చేపోయే చుట్టాలకు మచ్బూస్ అన్నం వండడానికి రెడ్డెమ్మక్క ఉండి తీరాలి. ఆమె కూతురి కాన్పు మా మేడమ్ గురి మీద ఆధారపడి ఉందన్న మాట. ఇది తలుచుకుంటే నాకు ఒకసారి నవ్వొచ్చేది, ఒకసారి కడుపు రగిలిపోయేది.

నేను చెప్పిన తప్పులన్నీ ఆమె తన పద్ధతిలో అర్థం చేసుకుంది.

"మూతి కట్ట దిక్కే ఉండాల అంటావు. కాగే నూనె బాండ్లి పిలకాయల దిక్కు తిప్పం గదా, అదే గదబ్బీ!"

"అదే అక్కా."

"దీనికి ఇంత పొస్తకం ఎందుకు వాళ్ళకు!"

పోటీకి కొంచెం ముందు దేవేందర్ ఇంకో సంగతి చెప్పాడు. వెనకటి పోటీలో ఒకాయన అందరికంటే ముందున్నాడట. చివరి వంతుకు నడిచిపోతూ నీళ్ళ సీసా కోసం వంగితే నడుముకున్న తుపాకీ జారి ఇసుకలో పడింది. అందులో గుండ్లు లేవు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన గబుక్కున ఎత్తి ఒరలో పెట్టుకున్నాడు. ఆఫీసర్ చూశాడు, ఇంటికి పంపించేశాడు.

"ఉత్త తుపాకీ పడినందుకేనా?"

"పడుడు తప్పు గాదు భాయ్. ఎత్తుడు తప్పు. నీ వంతు నడువనప్పుడు ఎన్నడు పడ్డా ముట్టుకోవద్దు. ఆఫీసరే అచ్చి, తీసి, లోపల సూసి, ఒరల వెట్టాలె."

ఈ రూల్ నాకు ఎంతకీ మింగుడు పడలేదు. పడింది నాది, ఎత్తుకునేది నేను, మధ్యలో వాడెవడు? దేవేందర్ తన చేతిలోని స్టిక్కర్ల కట్టను జారవిడిచాడు. నా చెయ్యి ఠక్కున పోయి గాల్లోనే పట్టుకుంది.

"సూసినవా? యాడ వట్టుకున్నవో నీకే ఎర్కలేదు. పడ్డదాన్ని ఆత్రంగ వట్టుకుంటే వేలు యాడవడ్తదో, మూతి ఎవల దిక్కు తిరుగుతదో! గందుకే ఆత్రం లేనోడు అచ్చి ఎత్తాలె."

నేను పడీపడీ నవ్వాను. మా మేడమ్‌కి ఈ రూల్‌తో ఏ భయమూ లేదు. పుట్టిన దగ్గర నుంచి కిందపడిన వస్తువు కోసం వంగిన మనిషి కాదామె. ఫోను పడినా, కళ్ళద్దాలు పడినా, అలాగే నిలబడుతుంది, రెడ్డెమ్మక్క ఎత్తి తుడిచి చేతికిస్తుంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎత్తేది రెడ్డెమ్మక్క కదా!

"మరి ఆమె పనిమనిషి ఎత్తితే?"

దేవేందర్ కూడా నవ్వు ఆపేశాడు. "గది మంచిగుండది. పోటీల లేని మనిషి తుపాకీ ముట్టుకుంటే ఇగ ఇద్దర్నీ ఏం జేస్తరో ఆ ఆఫీసర్ ఇష్టం."

ఆ సాయంత్రమే వంటగదిలో బడి పెట్టాను. సంగతంతా చెప్పి, ముందు బండి తాళాలు కింద పడేశాను. రెడ్డెమ్మక్క వంగి ఎత్తి గట్టు మీద పెట్టింది.

"ఎత్తొద్దంటి గదక్కా!"

"ఓ, ఇప్పుడేనా?"

మళ్ళీ పడేశాను, మళ్ళీ ఎత్తింది. గరిటె పడేశాను. ఎత్తి, కడిగి కూడా పెట్టింది. మాటల్లో పెట్టి అగ్గిపెట్టె పడేశాను. కూతురి గురించి చెబుతూనే, చూపు నా మీదే ఉంచి, చెయ్యి మాత్రం కిందికి పోయి అగ్గిపెట్టె తెచ్చేసింది. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. తర్వాత ఆమె తన చేతిని పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది.

"నేను వంగేది కాదబ్బీ, అదే పోతాది. ఈ కొంపలో అలవాటైపొయ్యిండాది."

"చేతులు ఎనక్కు కట్టుకోక్కా."

పోటీ దాకా అదే సాధన. నేను పడేయడం, ఆమె చేతులు వెనక్కి పట్టుకుని పళ్ళు బిగించి నిలబడడం. ఒకసారి నిజంగానే గుడ్ల అట్ట జారిపడితే కూడా కదలకుండా చూస్తూ నిలబడింది. ఆ రోజు మేడమ్‌తో తిట్లు తిన్నా, నేను మాత్రం మెచ్చుకున్నాను.

పోటీ రోజు తాడు దాటి వెళ్ళడానికి లేకపోయినా దేవేందర్ పుణ్యమా అని ముందు వరసలో నిలబడ్డాను. అందరికీ చెవులకు డొప్పలు, కళ్ళకు అద్దాలు. మేడమ్ వంతు వచ్చింది. తుపాకీలో గుండ్లు నింపుకొమ్మన్నారు. సిద్ధమేనా అన్నారు. అంతా నిశ్శబ్దం. బీప్ మోగింది. మేడమ్ ఎడమ గోడ చాటుకు ఉరికింది. ఏ అట్ట ముందో, ఎక్కడ ఆగాలో, వేళ్ళతో నడిచిన ఆ పిచ్చి నడకంతా ఇప్పుడు పనికొచ్చింది. ఇనుప పలకలు టంగుమని కూలాయి. ఒక్క తెల్ల అట్ట మీద కూడా గీత పడలేదు. అంతా అయ్యాక ఆఫీసర్ తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని ఒరలో పెట్టమన్నాడు.

ఇక ఒకే ఒక్క వంతు మిగిలింది. అక్కడ కూడా ఇలాగే చేస్తే జట్టులో చోటు ఖాయమని దేవేందర్ సైగ చేశాడు. మేడమ్ ఫోన్‌లో భర్తతో నవ్వుతూ మాట్లాడుతూ, రెడ్డెమ్మక్క వేసిన మడతకుర్చీలో కూర్చుంది. కుర్చీ చెయ్యికి బెల్టు తగులుకుంది. విసురుగా లేచింది. ఒరకు గొళ్ళెం సరిగ్గా పడినట్టు లేదు, తుపాకీ జారి ఇసుకలో, గహ్వా పోస్తున్న రెడ్డెమ్మక్క కాళ్ళ ముందు పడింది.

రెడ్డెమ్మక్క నడుము వంగింది. చెయ్యి ముందుకు పోయింది. ఆ చెయ్యి తుపాకీకి జానెడు దూరంలో ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది. ఆమె నిటారుగా నిలబడి రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంది. గహ్వా కప్పు ఇసుకలో దొర్లింది.

మేడమ్ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, అటు చూడకుండానే అంది. "రెడ్డెమ్మా, ఎత్తు."

రూల్ ఆమెకు తెలియక కాదు. నోటికి అలవాటైన మాట ముందొచ్చేసింది.

"లా, మామా," అంది రెడ్డెమ్మక్క.

ఆ ఇంట్లో పనికి చేరిన తర్వాత ఆమె నోటి నుంచి ఆ మాట రావడం నేను వినలేదు. లా అని, అంటే కాదని, మేడమ్‌తో ఎవరంటారు? మేడమ్ తిరిగి చూసింది. చుట్టూ తనతో పోటీపడే ఆడవాళ్ళున్నారు. పనిమనిషి కుదరదన్న మాట అందరి చెవుల్లోనూ పడింది. ఆమె మొహం ఎర్రబడింది. ఫోన్ కుర్చీలోకి విసిరి, జీవితంలో మొదటిసారి, ఒక వస్తువు కోసం తనే వంగింది.

రెడ్డెమ్మక్క ఆ చెయ్యి పట్టుకుంది. పప్పు రుబ్బి గట్టిపడ్డ చేత్తో మేడమ్ మణికట్టును గట్టిగా బిగించి ఆపింది.

"లా, మామా! మీరు ముట్టొద్దు. ఆఫీసర్ రావాల."

ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. నేను తాడు మీదికి వంగి "ఆఫీసర్!" అని అరిచాను. దేవేందర్ చెయ్యెత్తి పరిగెత్తాడు. నెరిసిన గడ్డం ఆఫీసర్ అబూ తలాల్ తీరిగ్గా నడిచొచ్చాడు. తుపాకీ ఎత్తి, మట్టికట్ట వైపు తిప్పి, లోపల చూసి, తనే మేడమ్ ఒరలో పెట్టి గొళ్ళెం బిగించాడు.

"ఎవరైనా ముట్టారా?"

"లేదు," అంది మేడమ్. గొంతు సన్నగా వచ్చింది.

"అయితే ఏ తప్పూ లేదు. యల్లా, నీ వంతుకి పో," అని వెళ్ళిపోయాడు.

మేడమ్ తన మణికట్టు మీద పడ్డ వేళ్ళ గుర్తులు చూసుకుంది. బెల్టు సర్దుకుని చివరి వంతుకి నడిచింది. కొంచెం నెమ్మదిగానే కొట్టింది గాని ఒక్క గుండూ వృథా పోలేదు. సాయంత్రం తెర మీద పేర్లు వచ్చాయి. జట్టులో చివరి పేరు ఆమెది. నేనూ దేవేందరూ మా సొంత అక్క గెలిచినంత సంబరపడ్డాం.

ఇంటికి వస్తున్నాం. వెనక సీట్లో మేడమ్, ముందు నా పక్కన ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని రెడ్డెమ్మక్క. షర్క్ దాటాక మేడమ్ నోరు విప్పింది.

"రెడ్డెమ్మా, ఇవాళ నువ్వు లేకపోతే నేను లేను. నా మనుషులెవరికీ లేని బుర్ర నీకుంది. తాయ్‌లాండ్‌కి నిన్ను కూడా తీసుకెళ్తాను. ఆటలో ఉన్నన్నాళ్ళూ నా పక్కన నువ్వే ఉండాలి."

సంతోషంతోనే అంది పాపం. ఇంత పెద్ద బహుమతి ఇంకెవరికీ ఇచ్చి ఉండదు. కానీ ఇక ఊరికెక్కడ పోతుంది? ఆమెను గెలిపించి రెడ్డెమ్మక్క తన సెలవు తనే పోగొట్టుకుంది. మైదానంలో అయితే అరిచి ఆఫీసర్‌ని పిలిచాను. బండిలో ఎవర్ని పిలవాలి?

"లా, మామా," అంది రెడ్డెమ్మక్క. వెనక్కి తిరగలేదు, ముందున్న రోడ్డు చూస్తూనే అంది. "నేను రాను. మా ఇంటికి పోవాల."

అద్దంలో మేడమ్‌ని చూశాను. కోపమో ఆలోచనో తెలియడం లేదు.

"పొద్దున కూడా కాదన్నావు. అప్పుడు నీకు రూల్ ఉంది. ఇప్పుడేముంది?"

"నా కూతురుంది మామా. కడుపుతో ఉండాది. ఇదే మొదుటి కాన్పు. నేను తప్ప దానికి ఎవురూ ల్యారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"జెప్పినా మామా. మీరు ఇన్షా అల్లా అన్నారు."

ఆ రెండు ముక్కలూ వచ్చీరాని వంటింటి అరబ్బీలోనే చెప్పింది. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. సముద్రం పక్క రోడ్డు అంతా అయిపోయింది. మా వీధి మలుపులో మేడమ్ గొంతు సవరించుకుంది.

"తాయ్‌లాండ్ దాకా ఎందుకు ఆగడం? ఈ వారమే పో. బిడ్డ కాస్త పెద్దయ్యాకే రా."

ఇంటి ముందు బండి ఆపాక రెడ్డెమ్మక్క నా వైపు తిరిగి తెలుగులో మెల్లగా అడిగింది.

"అబ్బీ, ఆయమ్మ పొమ్మనిందా? నాకు సరింగానే అర్థమయ్యిందా?"

"పొమ్మనిందక్కా. ఈ వారమే."

"నాకు నమ్మకం ల్యా. ఇంగోతూరి చెప్పమని అడుగు."

మేడమ్ చెప్పిన మాట రెండోసారి చెప్పే మనిషి కాదు. అయినా భయపడుతూనే అడిగాను. మేడమ్ దిగబోతున్నది ఆగింది. ముందుకు వంగి, రెడ్డెమ్మక్క భుజం మీద చెయ్యేసి, ఆమెకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి మళ్ళీ చెప్పింది. రెడ్డెమ్మక్క ఫ్లాస్కును గుండెకు హత్తుకుని బిగ్గరగా ఏడ్చేసింది.